ఒండ్రు తగ్గిన తీరము

కాకినాడ పట్టణమును దాటి, సముద్రమును కుడిప్రక్కన నుంచుకొని ఉప్పాడ మీదుగా ఉత్తరమునకు సాగు మార్గమున ప్రయాణము చేసినవారికి, ఒకచోట రోడ్డునకును కెరటమునకును నడుమ పేర్చిన బండరాళ్ళు తప్ప మరేమియు లేని దృశ్యము కంటబడును. తుఫాను పట్టినపుడు ఆ రాళ్ళ మీదుగా లేచిన నీరు రోడ్డుపై విరుచుకు పడుటయు, రాకపోకలు నిలిచిపోవుటయు, అలలు వెనుదిరిగిన పిమ్మట కోసుకుపోయిన రోడ్డును మరల పూడ్చుటయు ఆ ప్రాంతమువారికి అలవాటైన సంగతులే. జాందానీ చీరలకు పేరుగన్న ఉప్పాడ ఊరిలో మగ్గము ముందు కూర్చున్నవాని చెవిలో మగ్గపు చప్పుడుతో పాటు సముద్రపు హోరు కూడ ఎప్పుడును వినవచ్చుచుండును. అయితే ఆ హోరు వెనుకటి తరమువారు విన్నదానికన్న నేడు దగ్గరగా వినవచ్చుచున్నది.

ఈ ఒడ్డును నిలుపుటకై ప్రయత్నములు జరుగలేదని చెప్పుటకు వీలులేదు. రాళ్ళు పోసిరి. 2010 ప్రాంతమున జియో ట్యూబులను, అనగా గట్టి కృత్రిమవస్త్రముతో కుట్టి ఇసుక నింపిన బారైన గొట్టములను, ఒడ్డు పొడవున పరచి వానిపై రాళ్ళు పేర్చి కట్టగా నిర్మించిరి. కొంతకాలము అది ఊరిని కాచినది; పిమ్మట వచ్చిన తుఫానుల తాకిడికి చిరిగినది, క్రుంగినది, ఒడ్డు మరల కోతకు గురియైనది. కట్ట ఎంత గట్టిగా నుండవలెనన్నది ఇంజనీర్ల ప్రశ్న. అంతకన్న ముందుగా అడుగవలసిన ప్రశ్న వేరొకటి గలదు: ఆ ఒడ్డునకు చేరవలసిన ఇసుక ఎక్కడ ఆగిపోయినది? వాతావరణము మారుచున్న ఈ కాలమున తీరప్రాంతములకు ప్రణాళిక రచించువారెల్లరు ఈ ప్రశ్నతోనే ఆరంభింపవలెనని నా దృఢమైన అభిప్రాయము.

తీరమనునది పటముపై గీసిన గీతవలె నిలిచియుండు వస్తువు కాదు. మన తూర్పు తీరమున నైరృతి ఋతుపవనములు వీచు నెలలలో అలలు ఏటవాలుగా ఒడ్డును తాకుచు ఇసుకను దక్షిణము నుండి ఉత్తరమునకు నడిపించును. ఈశాన్యపు గాలి వీచు నెలలలో కొంత ఇసుక వెనుకకు మరలును. ఏడాది మొత్తము లెక్కవేసినచో ఉత్తరదిశగా సాగిన నడకయే అధికము. ఈ నడకకు ఎచ్చట అడ్డు తగిలినను, ఆ అడ్డునకు దక్షిణమున ఇసుక పేరుకొనును, ఉత్తరమున తీరము తరిగిపోవును. విశాఖపట్టణమున ఓడరేవు రక్షణకై సముద్రములోనికి కట్టిన అడ్డుగోడలు ఇసుకను పట్టివేయగా, వానికి ఉత్తరముననున్న రామకృష్ణా బీచి బక్కచిక్కెను. రేవులో పూడిక తీసిన ఇసుకను తెచ్చి ఆ ఒడ్డున పోయుట దశాబ్దములుగా సాగుచున్న పని. కాకినాడ వద్ద అడ్డు నిలిచినది మానవనిర్మితము కాదు. గౌతమీ ముఖద్వారము నుండి ఉత్తరముగా సాగి, సుమారు రెండు శతాబ్దుల కాలములో పదునారు కిలోమీటర్ల వరకు పెరిగిన ఇసుకతిన్నె, నేడు హోప్ ఐలాండ్ అను పేరుతో రేవునకు సహజమైన కోటగోడయై నిలిచియున్నది. అది రేవునకు మేలు చేసినది నిజమే. కాని ఉప్పాడకు ఇసుక చేరు దారిని మార్చిన కారణములలో ఆ తిన్నె పెరుగుదల ఒకటని తీరస్వరూపమును పరిశీలించిన భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అయితే ఇసుకకును ఒండ్రునకును అసలు పుట్టినిల్లు నది. గోదావరి డెల్టాను పరిశోధించిన మన విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము, 1970ల దశకమున ఆ నది ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు మోసికొని రాగా, 1990ల నాటికి అది 6 కోట్ల టన్నులకు లోబడినది. ఎగువ రాష్ట్రములలోను మన ప్రాంతములోను కట్టిన జలాశయములు నీటితో పాటు మట్టిని కూడ ఆపుకొన్నవి. 1976 మొదలు 2001 వరకు గల పాతికేండ్లలో గోదావరి డెల్టా అంచున సముద్రము పాలైన నేల నుండి కొత్తగా ఏర్పడిన నేలను తీసివేయగా మిగిలిన నష్టమే 18 చదరపు కిలోమీటర్లకు పైబడినది. కృష్ణా నది స్థితి ఇంతకన్న కష్టము; శ్రీశైలము, నాగార్జునసాగరము మొదలైన జలాశయములు దాటి సముద్రమును చేరు ఒండ్రు పూర్వపు మొత్తములో అత్యల్పభాగము మాత్రమే. డెల్టా నేల తన బరువునకు తానే అణగిపోవు మెత్తని నేల. పూర్వము ప్రతి వరదయు దానిపై ఒక పలుచని పొర పరచి, అణగినంత మేర మరల ఎత్తు కల్పించుచుండెడిది. ఇప్పుడు ఆ పొర రాదు. పైగా రొయ్యల చెరువులకును త్రాగునీటికిని భూగర్భజలమును తోడుకొనుట వలన నేల మరింత క్రుంగును.

ఒక ప్రక్క నేల దిగుచుండగా రెండవ ప్రక్క నీరు పెరుగుచున్నది. 1901 మొదలు 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదనియు, 2006 తరువాతి పండ్రెండేండ్లలో ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినదనియు, బొగ్గుపులుసు వాయువులను మానవజాతి అరికట్టగలిగిన మేరను బట్టి ఈ శతాబ్దాంతమునకు 28 సెంటీమీటర్లు మొదలు ఒక మీటరు వరకు పెరుగవచ్చుననియు అంతర్జాతీయ వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘము తేల్చినది. ఈ అంకెలు చూపునకు చిన్నవి. కాని కోనసీమలో, దివిసీమలో, తీరము నుండి మైళ్ళ కొలది లోపలికి నడచినను నేల మట్టము మనిషి ఎత్తునకు మించి లేవని తావులు గలవు; అట్టిచోట నిలువున జానెడు నీరు పెరిగినచో, అడ్డముగా అది ఎన్ని చేలను చేరునో రైతు ఊహింపగలడు.

తీరమున చేయదగిన పనులు మూడు విధములని ఆ సంఘము వారే 1990లో వర్గీకరించిరి. సముద్రమును ఆపుట మొదటిది. సముద్రముతో సర్దుకొని బ్రతుకుట రెండవది. సముద్రమునకు చోటిచ్చి వెనుకకు జరుగుట మూడవది. ముప్పదియేండ్లకు పైగా ప్రపంచములోని తీరప్రణాళికలన్నియు ఈ మూటి కలయికలే. ఆపుట యందు అందరికిని మక్కువ యెక్కువ, ఏలయన గోడ కనబడును. కట్టినవారికిని చూచినవారికిని ధైర్యము కలుగును. కాని నిట్రమైన గోడను తాకిన అల తన బలమును గోడ పాదముననున్న ఇసుకపై చూపి, దానిని లోతునకు లాగుకొనిపోవును. కొన్ని ఏండ్లకు గోడ మిగులును, ఒడ్డు మిగులదు. గోడ ముగిసినచోట కోత మొదలగును. పొరుగూరివారు తమకును గోడ కావలెనందురు.

ఒడ్డు పోవుట యనగా ఏమియో పట్టణవాసులకు వెంటనే తోచదు. మత్స్యకారునికి ఇసుక ఒడ్డు వేడుకకై పోయెడు చోటు కాదు. అది అతని పొలము, కళ్ళము, అంగడి. తెప్పను లాగి నిలుపుట అక్కడ, వల ఆరవేసి చిరుగులు బాగుచేసికొనుట అక్కడ, ఆడువారు చేపలు ఎండబెట్టి బేరమాడుట అక్కడ. ఊరిని కాపాడిన రాతిగోడ ఒడ్డును మింగివేసినచో, ఇల్లు నిలిచి వృత్తి పోయినట్లగును. తీరరక్షణకై వేసెడు అంచనాలలో రాతికి, రవాణాకు, కూలికి లెక్క గలదు గాని, ఈ పోయిన ఒడ్డునకు లెక్క కట్టుట నేను చూచి యెరుగను.

ఇచట డచ్చివారు చేసిన పని ఒకటి చెప్పదగినది. సముద్రమట్టమునకు దిగువన బ్రతుకు ఆ జాతివారు, 1953 ఫిబ్రవరి ఉప్పెనలో 1,836 మంది చనిపోయిన పిమ్మట, గోడలు కట్టుటలో ప్రపంచమునకే గురువులైరి. అట్టివారే 2011లో దక్షిణ హాలండు తీరమున గోడకు బదులుగా రెండు కోట్ల ఘనపు మీటర్లకు మించిన ఇసుకను ఒకేచోట కుప్పగా పోసి, గాలియు అలలును దానిని కొన్ని ఏండ్లలో ఇరుప్రక్కల తీరమునకు పంచునట్లు ఏర్పాటు చేసిరి. దానికి ఇసుకయంత్రమని పేరు. నదులకు సైతము ముప్పదికి పైగా తావులలో కరకట్టలను వెనుకకు జరుపుట వంటి పనులు చేసి, వరదనీరు పరచుకొనుటకు చోటు విడిచిరి. విశాఖలో పూడిక ఇసుకను ఒడ్డున పోయుట ఈ పద్ధతికే చిన్న రూపము. అది తీరమంతటికిని ఒక లెక్కతో, ఏ రేవు పూడిక ఏ ఒడ్డునకు చేరవలెనను నియమముతో జరిగినచో ఎంత బాగుండును!

మడ అడవులను గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. గోదావరి సంగమముల వద్ద కోరంగి అభయారణ్యము 235 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియున్నది. 1978లో దానిని సంరక్షితముగా ప్రకటించిరి. నల్లమడ, తెల్లమడ, తిల్ల మొదలైన ఆ చెట్లు వేళ్ళతో బురదను పట్టి నేలను పెంచును, అలల వేగమును అణచును, పీతకును రొయ్యపిల్లకును ఊయలయై నిలుచును. 1999లో ఒడిశాను నాశనము చేసిన పెను తుఫానులో, ముందు మడ అడవి దట్టముగా నున్న గ్రామములలో ప్రాణనష్టము తక్కువయైనదని కేంద్రపడ జిల్లాలో జరిగిన పరిశోధన నిరూపించినది. పూర్వము వంటచెరకునకై నరికివేసిన మడనేలలు గుంతపడి, పోటు నీరు అందు నిలిచి ఎండి, ఉప్పు పేరుకొని మొలకెత్తనీయని చవిటినేలలైనవి. అట్టి నేలలలో స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖయు గ్రామస్థులును తోడుకాగా, చేపముల్లు ఆకారమున ఒక పెద్దకాలువకు ఇరువైపుల పిల్లకాలువలు త్రవ్వించి, పోటుపాటుల నీరు వచ్చి పోవునట్లు చేసి, గోదావరి కృష్ణా తీరములలో మరల పచ్చదనము కల్పించిరి. ఇంత సులువైన పనియా యనిపించును. నిజమే, నీటి దారిని తెలిసికొనినవానికి సులువు.

కాని మడ అడవి కూడ కదలనిచ్చినపుడే బ్రతుకును. సముద్రము పైకి వచ్చినకొలది ఆ అడవి తీరమును విడిచి లోపలికి జరుగగోరును. లోపల రొయ్యల చెరువు గట్టు అడ్డముగా నిలిచినచో, ముందు నీరు, వెనుక గట్టు, నడుమ చిక్కి నశించును. అందుచేత నేడు ఉన్న అడవిని కాపాడుట ఒక్కటే చాలదు; రేపు ఆ అడవి చేరవలసిన నేలను నేడే ఖాళీగా నుంచవలెను. ఆ నేలకు హక్కుదారులున్నారు, చెరువు మీద అప్పులున్నవి, ఉపాధి యున్నది. అడవికి నేల విడిచినవానికి ఏమి ఇత్తుమో చెప్పని ప్రణాళిక కాగితముపైననే నిలిచిపోవును.

సర్దుకొని బ్రతుకుటలో మనవారు సాధించినది తక్కువ కాదు. 1977 నవంబరు 19న దివిసీమపై లేచిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చి పదివేలకు మించిన ప్రాణములను బలిగొన్నది. ఆ కాళరాత్రి పిమ్మట తీరమంతట తుఫాను రక్షిత భవనములు లేచినవి, సరుగుడు తోటలు పెరిగినవి, లోపలి గ్రామములకు రోడ్లు పడినవి. 1999లో పదివేల మందిని పోగొట్టుకొన్న ఒడిశా, 2013లో ఫైలిన్ తుఫాను వచ్చునపుడు సుమారు పది లక్షల మందిని ముందుగనే తరలించి, ప్రాణనష్టమును పదుల సంఖ్యకు తగ్గింపగలిగినది. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు నగరములో కూర్చుండి, జాతీయ సముద్ర సమాచార కేంద్రమువారు రేయింబవళ్ళు కెరటముల ఎత్తును కనిపెట్టి జాలర్ల చేతిలోని ఫోనుకు వార్త పంపుచున్నారు. ఈ కృషిని ఎంత మెచ్చుకొన్నను తక్కువే.

హెచ్చరిక ప్రాణమును కాపాడును, నేలను కాపాడలేదు. తుఫాను ఒక రాత్రి వచ్చి పోవును, వార్తయగును. ఉప్పు ప్రతిదినము వచ్చుచు వార్త కాదు. బావినీరు మెల్లగా చప్పదనము విడిచి ఉప్పనగును, ఒక కారున పండిన చేను మరొక కారున పండదు, ఆ పిమ్మట దానిని చెరువుగా త్రవ్వించుటయే గతియని రైతు తలచును, ఆ చెరువులోని ఉప్పు ప్రక్కచేనునకు దిగును. డెల్టాలోని మురుగుకాలువలు నేల వాలును నమ్ముకొని సముద్రములోనికి పారునవి. మొగ వద్ద సముద్రమట్టము పెరిగినచో వాని పారుదల మందగించును, పోటు వేళ నీరు వెనుకకు తన్నును. 2011లో కోనసీమ రైతులు ఖరీఫు పంటకు విరామము ప్రకటించినపుడు గిట్టుబాటు ధర లేకపోవుటతో పాటు, మురుగునీరు కదలక వరిచేలు మునుగుచున్నవన్న మొర కూడ వారి మాటలలో వినవచ్చెను. పూడిక తీయుట, మొగలు తెరచుట, కావలసినచోట లాకులు అమర్చుట వంటి పనులకు శంకుస్థాపనల ఆర్భాటము లేదు. నా మాటను ఎవరైన మన్నించినచో, డెల్టాలో వాతావరణపు మార్పునకై ఖర్చుచేయు మొదటి రూపాయిని మురుగుకాలువకే పెట్టుమందును.

ఇక ప్రణాళిక యెట్లుండవలెనన్న మాట. సముద్రము ఎంత పెరుగునో కచ్చితముగా తెలియనపుడు, ఎక్కువకు కట్టినచో ధనము వృథా, తక్కువకు కట్టినచో ప్రాణము వృథా. ఈ చిక్కునకు లండను నగరమువారు థేమ్సు నదీముఖము విషయమున ఒక త్రోవ చూపిరి. 1953 ఉప్పెనలో ఇంగ్లండున మూడువందలకు పైగా మరణించిన పిమ్మట కట్టిన థేమ్సు అడ్డుగేట్లు 1980ల నుండి ఆ నగరమును కాచుచున్నవి. 2012లో వారు ప్రకటించిన ప్రణాళిక 2100వ సంవత్సరము వరకు చూచునది. అయినను అది ఒకే కట్టడమును నిర్ణయించు పత్రము కాదు. సముద్రమట్టము, ఉప్పెన పోటు ఎత్తు, కరకట్టల స్థితి మొదలైన కొన్ని గుర్తులను ఎడతెగక కొలుచుట, పదేండ్లకొకమారు ప్రణాళికను తిరుగదోడుట, ఏ గుర్తు ఏ మట్టమును దాటినచో ఏ పనికి దిగవలెనో ముందే వ్రాసి యుంచుట దాని పద్ధతి. పెద్ద గేట్లు కట్టుటకు దశాబ్దములు పట్టును గనుక, 2070 నాటికి కావలసిన దానిపై 2040 నాటికే నిర్ణయము జరుగవలెనని గడువు పెట్టుకొనిరి. అంతవరకు, రేపు కట్టవలసి రాగల చోటున నేడు మరెవ్వరును మేడలు కట్టకుండ నేలను కాపాడుచున్నారు. నదిలో వరదను చూచి నావ నడుపు సరంగు, గాలి మారిన వెంటనే ఏ పాయలోనికి తిరుగవలెనో మనస్సులో ముందుగా నెంచుకొనియే బయలుదేరును; ఈ ప్రణాళికయు అట్టిదే.

మన తీరమున నియమములు లేకపోలేదు. 1991 నుండి తీరప్రాంత క్రమబద్ధీకరణ ఉత్తర్వులున్నవి. వానిని 2011లోను 2019లోను మార్చిరి. జనసాంద్రత అధికముగా గల గ్రామీణతీరములలో పోటురేఖ నుండి నిర్మాణములకు విడువవలసిన 200 మీటర్ల నేలను 2019లో 50 మీటర్లకు తగ్గించిరి. తీరవాసుల గృహవసతికి ఇది అవసరమని వాదించినవారు లేకపోలేదు, ఆ అవసరము నిజమే; అయినను సముద్రము ముందుకు వచ్చుచున్న కాలమున నిర్మాణము కూడ దానికెదురుగా ముందుకు సాగుట నాకు భయము గొలుపుచున్నది. సముద్రమట్టపు పెరుగుదలను, కోతను లెక్కలోనికి తీసికొని భారత సర్వేశాఖవారు తీరము పొడవున ప్రమాదరేఖ యొకటి గీసిరి. అది విపత్తుల ప్రణాళికకు ఉపకరించు సాధనమని చెప్పిన ఉత్తర్వే, కట్టడముల అనుమతికి దానిని ముడిపెట్టక విడిచినది. గీసిన గీతను ఇల్లు కట్టుకొనువాని కన్నులకు కనబడునట్లు ఊరి నడుమ రాతిపై చెక్కించిన చాలును, సగము పని జరుగును.

మూడవ మార్గము, వెనుకకు జరుగుట, అన్నిటికన్న కఠినము. ఒడిశాలోని సాతభాయా అను ఏడు పల్లెల గుంపును సముద్రము ఒక్కొక్కటిగా మింగగా, మిగిలిన 571 కుటుంబములను ప్రభుత్వమువారు తీరమునకు లోపలివైపున బాగపటియా వద్ద కాలనీ ఏర్పరచి తరలించిరి. ఆ ఊరి ఇలవేల్పులగు పంచుబారాహి దేవతల విగ్రహములను తరతరములుగా స్త్రీలే అర్చించెడివారు, పురుషులు తాకరాదు; 2018లో వానిని క్రొత్త గుడికి చేర్చుటకు విగ్రహములు బరువైనందున ఆ నియమమునే సడలింపవలసి వచ్చెను. ఇంటిస్థలము, కట్టుకొనుటకు ధనము దొరకినవి. దున్నుటకు పొలము, వేటకు సముద్రము దూరమైనవి. ఎందరో యువకులు కూలికై కేరళము మొదలైన దూరప్రాంతములకు పోయిరి. ఇండ్లను తరలించుట సాధ్యమేయని సాతభాయా చూపినది. జీవనమును తరలించు విద్య ఇంకను మనకు పట్టుపడలేదని కూడ అదియే చూపినది. ఉప్పాడకో, అంతర్వేది ప్రాంతమునకో, దివిసీమ చివరి పల్లెలకో అట్టి దినము రానున్నదేమో. వచ్చినచో వేటకు పోవు దారి, తెప్ప నిలుపు చోటు, చేపలు ఎండబెట్టు మైదానము అను మూడును ఇంటి పట్టాతో పాటు పత్రములో ఉండవలెను. కెరటము గడపను తాకిన నాడు కాక, నలుగురు కూర్చుండి ఆలోచించుకొను వ్యవధి యున్న నాడే ఆ మాట మొదలిడవలెను.

గోదావరి విషయమున ఆ ఆలోచన తీరమున మొదలు కారాదు. జలాశయములలో నిలిచిన ఒండ్రును వరదకాలమున దిగువకు వదలుట ఎంతవరకు సాధ్యమో చూచువారు, ధవళేశ్వరము వద్ద 1852లో కాటన్ ఆనకట్ట పూర్తియైన నాటి నుండి సాగుచున్న కాలువల యాజమాన్యము చూచువారు, కాకినాడ రేవు పూడిక తీయువారు, కోరంగి అడవిని కాచువారు, ఉప్పాడ రోడ్డు వేయువారు నేడు వేర్వేరు కార్యాలయములలో వేర్వేరు లెక్కలు వ్రాసికొనుచున్నారు. వీరందరును కొలుచుచున్నది ఒకే ఇసుక రేణువు యొక్క ప్రయాణమును. వీరి లెక్కలు ఒక బల్ల మీదికి రావలెను. ఆ బల్ల చుట్టును పడవ నడుపువారు కూడ కూర్చుండవలెను. ఉప్పాడ పెద్దలలో ఎవరిని కదిపినను, సముద్రము వైపునకు చేయి చాచి, ఫలానా వీథి అదిగో ఆ తెల్లని నురుగు కనబడుచోట నుండెడిదనియు, గుడి అంతకన్న అవతలనుండెడిదనియు చెప్పుదురు. ఒడ్డు ఏ దశాబ్దములో ఎన్ని బారలు జరిగినదో వారికి కంఠస్థము. ఉపగ్రహములు ఆకాశమునకు ఎగురకమునుపటి లెక్క అది. వ్రాసికొనుటకు పలకయో పుస్తకమో పట్టుకొని పోవలసినవారము మనమే.